సోలార్ ఐసొలేటర్ డబ్బా కాలిపోతోందా? వైరు మార్చే ముందు మూత తీయండి

ఎండలు ముదిరితే అనంతపురం చుట్టుపక్కల నుంచి ఒకే రకం ఫోన్లు. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్. పొద్దున బాగానే నడుస్తుంది. పన్నెండు దాటాక ఇన్వర్టర్ ఆగి ఆగి వస్తుంది, డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల కరెంటు ఇన్వర్టర్‌కు పోకుండా ఆపే స్విచ్) డబ్బా మీద చెయ్యి పెట్టలేం, ప్లాస్టిక్ కమిలిన వాసన. ఆ వెంటనే అడిగే మాట: "అన్నా, 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల వైరు) తీసేసి 6 స్క్వేర్ వేస్తే సరిపోతుందా?"

ముందు లెక్క చూడండి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు ఒకే వరుసలో ఉంటే, వెనక స్టిక్కర్ మీద షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెల్ ఇవ్వగల గరిష్ఠ కరెంటు) 14 ఆంపియర్లకు కాస్త తక్కువ ఉంటుంది. జాగ్రత్త కోసం దాన్ని 1.25తో గుణిస్తే సుమారు 17.5 ఆంపియర్లు. అసలైన 4 స్క్వేర్ సోలార్ కేబుల్ 60 డిగ్రీల వేడిలో కూడా 40 ఆంపియర్లకు పైనే మోస్తుంది. అంటే వేడి విషయంలో 4 స్క్వేర్‌కు ఏ ఇబ్బందీ లేదు. దూరం ఎక్కువైతేనే లావు వైరు కావాలి. ప్యానెళ్లు ఇన్వర్టర్‌కు 30 మీటర్లలో ఉంటే 4 స్క్వేర్‌లో పోయేది సుమారు 4 వోల్టులు. 250 వోల్టుల వరుసకు అదేమీ లెక్కలోది కాదు. చేనులో 80 మీటర్ల అవతల ఉంటే మాత్రం 10 వోల్టులు దాటుతుంది, అక్కడ 10 స్క్వేర్ వేయండి.

మరి డబ్బా ఎందుకు కాలుతోంది? చీకటి పడ్డాక మూత తీస్తే సగం కేసుల్లో స్క్రూ లూజుగా కనిపిస్తుంది. ఇది తేలిగ్గా తెలిసేదే, అయినా ఎవరూ చూడరు. నేరుగా వైరు కొనడానికి కొట్టుకు పోతారు. ఇంటి కరెంటుకు వాడే ఏసీ ఎంసీబీ (ట్రిప్ స్విచ్)ని తెచ్చి సోలార్ డీసీకి పెట్టి ఉంటే ఇంకేమీ వెతకొద్దు, అది తీసేయండి. డీసీలో ఆర్క్ (స్విచ్ విడిపోయేటప్పుడు వచ్చే మంట మెరుపు) దానంతట అది ఆరదు.

స్క్రూలు బిగుతుగా ఉండి, వైరు సరైనదై ఉండి, అయినా కాలుతుంటే అప్పుడు జంపర్ ముక్క, అంటే డబ్బా లోపల రెండు స్క్రూలను కలిపే పొట్టి వైరు, చూడండి. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. నాలుగు పోల్స్ (నాలుగు విడి స్విచ్ దారులు) ఉన్న ఐసొలేటర్‌లో ఒకే వరుసకు ప్లస్‌కు రెండు, మైనస్‌కు రెండు పోల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటి, కలపాలి. ఆ కలిపే చోట కంపెనీ ఇచ్చిన రాగి లింకు వేయాలి, లేదా అదే సోలార్ కేబుల్ ముక్క వేయాలి. బిగించే కుర్రాడి సంచిలో ఇంటి వైరింగ్‌లో మిగిలిన 1.5 స్క్వేర్ తుంట ఉంటుంది. జానెడు కూడా లేదు కదా అని అదే పెట్టేస్తాడు. బయటి నుంచి చూస్తే లోపలికీ 4 స్క్వేర్, బయటికీ 4 స్క్వేర్. ఎవరికీ అనుమానం రాదు.

ఆ ముక్క మీదున్న పీవీసీ తట్టుకునేది 70 డిగ్రీలు. మన ఎండలో, మిద్దె మీద, మూసిన డబ్బాలో 60 దాటడం మామూలే. ఇక కరెంటు పుట్టించే వేడికి మిగిలింది పది డిగ్రీలే. 30 డిగ్రీల దగ్గర ఆ వైరు మోసే కరెంటులో 60 దగ్గర సగమే మోస్తుంది. పీవీసీ మెత్తబడుతుంది, రాత్రి చల్లారుతుంది, మళ్ళీ మధ్యాహ్నం వేడెక్కుతుంది. పైగా లావు వైరు కోసం చేసిన టెర్మినల్‌లో ఆ సన్న పోగులు సరిగ్గా పట్టవు. కొన్నాళ్లకు పట్టు వదులుతుంది. పొద్దున కరెంటు తక్కువ కాబట్టి ఏమీ తెలియదు.

కనిపెట్టడం తేలికే. మధ్యాహ్నం ఇన్వర్టర్ నడుస్తుండగా, 1000 వోల్టులు తట్టుకునే ఆటో రేంజి మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ప్లస్ లోపలికి వచ్చే స్క్రూ మీద ఒక ప్రోబ్, అదే ప్లస్ బయటికి వెళ్లే స్క్రూ మీద రెండోది పెట్టండి. తర్వాత మైనస్‌కూ అలాగే. పొరపాటున ప్లస్‌కూ మైనస్‌కూ పెడితే 250 వోల్టులు చూపిస్తుంది, అది మీకు కావాల్సిన లెక్క కాదు. రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. 0.1 వోల్టు దాకా ఫరవాలేదు. అర వోల్టు చూపిస్తే 13 ఆంపియర్ల దగ్గర ఆరున్నర వాట్లు ఆ డబ్బాలోనే మండుతున్నట్టు.

ఎలుక కొరకడం, పిడుగు, ప్యానెల్ చెడిపోవడం కూడా ఉంటాయి కానీ అరుదు. వాటి కోసం ముందే టెన్షన్ పడొద్దు. వాసన లేకుండా మధ్యాహ్నం ఉత్పత్తి కాస్త తగ్గితే అది ప్యానెళ్ల వేడి వల్ల, రిపేరు కాదు.

బాగు చేయడం పూర్తిగా చీకటి పడ్డాకే. ఐసొలేటర్ ఆఫ్ చేసినా ప్యానెల్ వైపు స్క్రూలలో పగలంతా దగ్గర దగ్గర 300 వోల్టులు ఉంటాయి. నడుస్తుండగా ఎంసీ4 కనెక్టర్ (ప్యానెల్ వైర్లను కలిపే ప్లగ్గు) పీకొద్దు. ముందు ఇన్వర్టర్ ఆపి, తర్వాత ఐసొలేటర్ తిప్పండి. నల్లబడ్డ వైరును మెరిసే రాగి కనిపించే దాకా కత్తిరించి, కొసకు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) నొక్కి బిగించి, జంపర్‌కు అదే సోలార్ కేబుల్ వేయండి. టెర్మినల్ ప్లాస్టిక్ కరిగి ఉంటే ఐసొలేటర్ మార్చండి. కొత్తది కొనేటప్పుడు ముందున్న "32 ఆంపియర్" చూసి మురిసిపోవద్దు, పక్కనున్న పట్టిక చదవండి. వోల్టేజీ పెరిగితే ఆ అంకె తగ్గుతుంది. రెండు వరుసలు కలిపి ఒకే స్విచ్‌కు తెచ్చుంటే 35 ఆంపియర్లు కావాలి, 32ది చాలదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కొలవండి. అర వోల్టు ఇంకా అలాగే ఉంటే పోల్స్ లోపలి కాంటాక్టులే కాలిపోయాయని అర్థం. అప్పుడు ఐసొలేటర్ మార్చాల్సిందే, వైరు జోలికి పోవద్దు.