హైడ్రోఫోన్ అర్రేలో 50 హెర్ట్జ్ హోరు: గొట్టం కోసే ముందు చూడండి

హైడ్రోఫోన్ అంటే నీటిలో శబ్దం పట్టే మైకు; వాటిని పొడవాటి గొట్టంలో వరసగా పేర్చితే అర్రే. పడవ వెనక లాగే ఈ అర్రేను మేము తిరుపతిలో బిగిస్తాం, చంద్రగిరి దగ్గర చెరువులో ముంచి చూస్తాం, తర్వాత దుగరాజపట్నం సముద్రంలో దింపుతాం. ఈ దారిలో పదేపదే తగిలే తంటాలు ఇవి.

సమస్య: 50 హెర్ట్జ్ దగ్గర ఆగని హోరు

మన ఇళ్ల కరెంటూ 50 హెర్ట్జే కాబట్టి, చూడగానే కరెంటు హమ్ అనుకుంటాం. మేమూ ఓ పూటంతా ఎర్తింగ్ వెతికాం. తప్పు అక్కడ లేదు. నీరు కేబుల్‌ను దాటేటప్పుడు దాని వెనక సుడులు ఓసారి అటు, ఓసారి ఇటు విడిపోతాయి. కేబుల్ వీణ తీగలా అదురుతుంది. అడ్డంగా తగిలే నీటి వేగాన్ని కేబుల్ మందంతో భాగించి, 0.2తో గుణిస్తే ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లో తేలుతుంది. సెకనుకు 2 మీటర్ల వేగం, 8 మిల్లీమీటర్ల (0.008 మీటర్ల) కేబుల్ అయితే సరిగ్గా 50!

అందుకే ముందు పడవ వేగం సగానికి తగ్గించండి. హోరు 25 వైపు దిగితే అది కేబుల్ అదురే. కదలకపోతే కరెంటుదే: ఇన్వర్టర్, ఛార్జర్ ఆపి రికార్డర్‌ను బ్యాటరీ మీద నడపండి, ఎర్త్ ఒక్కచోటే కలపండి. అదురుకైతే కేబుల్ పొడవునా దారపు కుచ్చులు కట్టి, అర్రేకు ముందు సాగే తాడు ముక్క పెట్టండి. కేబుల్ మీద చెయ్యి వేస్తే తేడా తెలిసిపోతుంది. కుచ్చులు లేనిది వేళ్లలో జివ్వుమంటుంది.

సమస్య: చెరువులో సమంగా నిలిచిన గొట్టం సముద్రంలో తేలుతోంది

ఉప్పు వల్ల. లీటరు సముద్రపు నీరు దాదాపు 1025 గ్రాములు తూగుతుంది. 20 లీటర్ల గొట్టానికి ఇంకో అరకిలో సీసం కావాలి. రేకును ఒక్కచోట కుక్కకుండా పొడవునా చుట్టండి.

సమస్య: ఒక ఛానల్‌లో గరగర, మంద్ర శబ్దాలు మాయం

తేమ దిగింది. హైడ్రోఫోన్‌లో శబ్దాన్ని కరెంటుగా మార్చే పీజో సెరామిక్ దగ్గర కరెంటు కాస్త లీకైనా తక్కువ ఫ్రీక్వెన్సీలే ముందు పోతాయి. ఆ హైడ్రోఫోన్‌ను విప్పి, బాగా ఆరబెట్టి, పాలీయురేథేన్‌తో మళ్లీ మూయండి. గొట్టంలో ఆముదం నింపేవాళ్లు బుడగలన్నీ వాక్యూమ్‌లో తీశాకే పోయాలి. గానుగ నుంచి తెచ్చి నేరుగా పోస్తే బుడగ దగ్గర శబ్దం చెదిరిపోతుంది.

సమస్య: ఒకే శబ్దం కుడివైపూ ఎడమవైపూ కనబడుతోంది

ఇది లోపం కాదు, తిన్నని వరసకు ఉన్న హద్దు. పడవను మలుపు తిప్పండి. అసలు దిక్కు ఉన్నచోటే ఉంటుంది, దొంగ దిక్కు జరిగిపోతుంది.