పాత సికిల్ బార్ మోవర్ గడ్డి సరిగా కోయడం లేదా? సమస్య – కారణం – పరిష్కారం

సికిల్ బార్ మోవర్ మొరాయించగానే చాలామంది చెయ్యి ముందు గ్రైండర్ మీదికే పోతుంది. బ్లేడ్లకు పదును పెడితే అన్నీ సర్దుకుంటాయనుకుంటారు. నిజానికి ఈ యంత్రం కోసేది కత్తెర లెక్కన. అటూ ఇటూ ఆడే త్రికోణపు బ్లేడు ఒక అంచు, బార్ (పక్కకు చాచి ఉండే పొడవాటి కోత భాగం) ముందు వేళ్లలా వరసగా ఉండే గార్డుల లోపల కదలకుండా ఉండే లెడ్జర్ ప్లేటు రెండో అంచు. మేకు వదులైన కత్తెరకు ఎంత సాన పట్టినా గుడ్డ తెగదు, నలిగి మధ్యలో ఇరుక్కుంటుంది. అందుకే ముందు సందులు, వరసలు చూసుకోండి. పదును సంగతి ఆ తర్వాత.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ ఆపి పీటీఓ (ఇంజిన్ శక్తిని మోవర్‌కు అందించే షాఫ్టు) విడదీయండి, మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పినా కత్తి, అంటే బ్లేడ్లన్నీ రివిట్లతో బిగించిన పొడవాటి పట్టీ, కదులుతుంది. వేలు తెగడానికి ఇంజిన్ నడవాల్సిన పనే లేదు.

గడ్డి తెగకుండా నలుగుతోంది, మొదళ్లు పీచుగా మిగులుతున్నాయి

ఎక్కువగా కనిపించే సమస్య ఇదే, ఓపిగ్గా చూడాల్సిందీ ఇదే. కోసిన చోట వంగి చూడండి. బార్ వెడల్పు అంతటా మొదళ్లు చిరిగినట్టుంటే పదునైనా పోయి ఉండాలి, సందులైనా పెరిగి ఉండాలి. అలా కాక ఒకే చోట సన్నటి గీతలా గడ్డి నిలబడిపోతే, ఆ గీతకు ఎదురుగా ఉన్న గార్డు వంగిందనో, అక్కడి బ్లేడు విరిగిందనో అర్థం.

గార్డుల వరస చూడాలంటే కత్తిని బయటికి లాగేసి, బార్ చివర కూర్చుని ఒక కన్ను మూసి లెడ్జర్ ప్లేట్ల వెంట చూడండి. గార్డు మొనలను చూసి మోసపోవద్దు. మొన కాస్త వంకరగా ఉన్నా కోతకు నష్టం లేదు, లెడ్జర్ ప్లేట్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి. దిగిపోయిన గార్డును కింది నుంచి, లేచిన దాన్ని పై నుంచి సుత్తితో సర్దవచ్చు. దెబ్బ లెడ్జర్ ప్లేటుకు ముందున్న మందపాటి భాగం మీద పడాలి, సన్నటి మొన మీద కాదు. పోత ఇనుము గార్డయితే కొట్టొద్దు, పగిలిపోతుంది. దాన్ని మార్చడమే మేలు.

లెడ్జర్ ప్లేటు అంచును గోటితో గీకి చూడండి. గోరు పట్టకుండా జారిపోతే అంచు గుండ్రబడినట్టే. బ్లేడ్లు కొత్తవి వేసి ఈ ప్లేట్లు పాతవే ఉంచితే సగం డబ్బు వృథా.

ఆ తర్వాత కత్తిని పై నుంచి అదిమి ఉంచే క్లిప్పులు. క్లిప్పుకూ బ్లేడుకూ మధ్య సందు అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండాలి. ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పల్చటి రేకులు) కొలవండి. సందు ఎక్కువైతే బ్లేడు లెడ్జర్ ప్లేటును వదిలి పైకి లేస్తుంది, గడ్డి ఆ సందులోకి మడత పడుతుంది. క్లిప్పును కొద్దికొద్దిగా తట్టి దించేటప్పుడు దాని కింద నుంచి కత్తిని పక్కకు జరపడం మరవొద్దు. మరీ బిగిస్తే కత్తి వేడెక్కుతుంది. అప్పుడు క్లిప్పు కింద పల్చటి షిమ్ (రేకు ముక్క) వేయండి. పిట్‌మన్ (ఫ్లైవీల్ తిరుగుడును కత్తికి అటూ ఇటూ ఆటగా అందించే కడ్డీ) ఊడదీసి కత్తిని చేత్తో ఆడిస్తే, ఎక్కడా పట్టేయకుండా, గలగల కొట్టుకోకుండా జరగాలి. కత్తి వీపు (బ్లేడ్లు బిగించిన పట్టీ) కింద ఉండే వేర్ ప్లేట్లు (రాపిడిని తట్టుకునే పలకలు) అరిగితే బ్లేడు వెనక్కి వాలి మొన లేస్తుంది. వాటినీ ఓసారి చూడండి.

బార్ మాటిమాటికీ గడ్డితో పూడిపోతోంది

పూడిక ఎక్కడన్నది ముఖ్యం. లోపలి షూ (బార్ లోపలి కొసన నేల మీద జారే పాదం) దగ్గరే అయితే కత్తిని అనుమానించకండి. బార్ బయటి కొసన ఉండే గడ్డి పలకను చూడండి. కోసిన గడ్డిని లోపలికి తోసి, తర్వాతి చాలుకు దారి చేయడం దాని పని. అది విరిగినా, వంగినా వచ్చే చాలులో లోపలి షూ కోసిన గడ్డి మీదే నడుస్తుంది.

బార్ అంతటా పూడుతుంటే రెండు కొలతలు చూడాలి. మొదటిది లీడ్. నిలిపి ఉంచినప్పుడు బార్ బయటి కొస లోపలి కొస కన్నా ముందుకు ఉండాలి, మీటరుకు సుమారు 2 సెం.మీ. చొప్పున. నడిచేటప్పుడు గడ్డి తాకిడికి ఆ కొస వెనక్కి జరిగి బార్ తిన్నగా నిలుస్తుంది. పాత యంత్రాల్లో హింజ్ పిన్నులు, బుష్షులు అరిగి బార్ వెనక్కి వాలిపోతుంది. కొలిచే ముందు బయటి కొసను చేత్తో వెనక్కి లాగి లూజంతా తీసేయండి, లేకపోతే కొలత అబద్ధం చెబుతుంది. అరిగిన పిన్నులు మార్చకుండా సర్దుబాటు బోల్టు ఒక్కటీ తిప్పితే నాలుగు చాలులకే మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది కత్తి ఆట. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి రెండు కొసల్లోనూ ఆపి చూడండి. ప్రతిసారీ బ్లేడు మొన గార్డు నడిమధ్యన ఆగాలి. రెండు కొసల్లోనూ ఒకే వైపుకు తప్పుతుంటే, యంత్రాన్ని బట్టి పిట్‌మన్ పొడవునో, బార్ స్థానాన్నో సర్దాలి.

టకటక చప్పుడు, కత్తి విరగడం

పిట్‌మన్‌ను చేత్తో పట్టి ఊపండి. కత్తి తల (పిట్‌మన్ తగిలే కొస) దగ్గర కదిలితే అక్కడి కీలు అరిగింది, ఫ్లైవీల్ దగ్గర కదిలితే బేరింగ్. చప్పుడును పట్టించుకోకుండా నడిపితే ముందు తెగేది కత్తి తలే. కర్ర పిట్‌మన్ ఎండి సన్నబడితే బోల్టులు వదులవుతాయి, కాబట్టి సీజన్ మొదట్లో బిగించండి. విరిగిన కర్ర బదులు ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించడం నాకు నచ్చని పని. బరువు మారి ఫ్లైవీల్ బ్యాలెన్స్ చెడుతుంది.

ఇప్పుడు బ్లేడ్లు

అరిగి సన్నబడినవి, విరిగినవి మార్చేయండి. వైస్ దవడలను కాస్త తెరిచి, బ్లేడు మొన కిందికి వచ్చేలా దించి, కత్తి వీపును దవడల మీద ఆనించండి. పైకి కనిపించే బ్లేడు వెనక అంచు మీద గట్టిగా ఒక్కటి కొడితే రివిట్లు తెగిపోతాయి. డ్రిల్లుతో కుస్తీ పట్టక్కర్లేదు. మిగిలిన ముక్కలను పంచ్‌తో దించి, కొత్త బ్లేడు వీపుకు సందు లేకుండా ఆనాకే రివిట్ కొట్టండి.

నున్నటి అంచు బ్లేడ్లకు సాన పట్టవచ్చు. ఉన్న వాలునే అనుసరించి, రెండు వైపులా సమానంగా పట్టండి. అంచు నీలం రంగుకు తిరిగితే గట్టిదనం పోయినట్టే. పళ్లున్న బ్లేడ్లయితే ఆ పళ్ల మీద సాన పెట్టొద్దు.

అన్నీ బిగించాక గడ్డిలోకి దించకుండా కాసేపు నెమ్మదిగా వట్టిగా తిప్పండి. ఇంజిన్ పూర్తిగా ఆపి, క్లిప్పులను ఒక్కొక్కటిగా తాకండి. మిగతావాటి కన్నా ఏది వేడిగా ఉంటే దాని సందు ఇంకొంచెం పెంచాలి.