తండ్రి పేరు తెలియని పూర్వీకుల పుట్టుక నమోదు వెతకడం

తల్లి పేరు, ఆమె పుట్టింటి ఊరు, పుట్టింటివారి ఇంటిపేరు ముందు రాసుకోండి. తొలికాన్పు సాధారణంగా పుట్టింట్లోనే జరిగి ఉంటుంది కాబట్టి అత్తవారి ఊరి జనన రిజిస్టరులో వెతికితే చాలాసార్లు దొరకదు.

‘వరద వచ్చిన ఏడు’ అని పెద్దలంటే అది 1953 గోదావరి వరదా, 1986 వరదా తేల్చుకుని, అటూ ఇటూ మూడేళ్ల రిజిస్టర్లు చూపించమని అడగండి. బిడ్డ పేరు గడి చాలాచోట్ల ఖాళీ. ‘మగ’, ‘ఆడ’ అని మాత్రమే ఉంటుంది. అందుకే తల్లి పేరు గడి మీదే వేలు పెట్టి దిగండి.

ఊరి రికార్డులు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది కాబట్టి పాత పుస్తకాల కోసం తహసీల్దారు కార్యాలయంలోనూ అడగాలి. 1904 నుంచి 1925 వరకు నరసాపురం, భీమవరం వైపు ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి కాబట్టి, ఆ కాలపు నమోదులు ఆ జిల్లా పేరుతో ఉండవచ్చు. దొరక్కపోతే లభ్యం కాలేదన్న ధ్రువపత్రం తీసుకోండి; బడి అడ్మిషన్ రిజిస్టరు, క్రైస్తవులైతే చర్చి బాప్తిస్మ పుస్తకం చూడండి. ఖాళీగా ఉన్న తండ్రి గడిని ఊహతో నింపించవద్దు.