ఆటోమేటిక్ కారు గేర్ ఆయిల్: తీసినంతే పొయ్యండి

ఆటోమేటిక్ కారుకు గేర్ ఆయిల్ మార్చినప్పుడు, మళ్ళీ ఎంత పొయ్యాలన్నదే పెద్ద తిప్పలు. మొత్తం కెపాసిటీ చూసి పోస్తే ఎక్కువైతది, ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని పాత ఆయిల్ కిందికి రాదు కదా. మొన్న హన్మకొండలో ఇంటి ముందు నేను చేసింది ఇది. ముందుగాల ఆయిల్ పోసే బోల్టు విప్పి చూసుకున్న. అది పట్టేసి ఉంటే ఆయిల్ దింపే కింది బోల్టు ముట్టుకోవద్దు, ఖాళీ చేసినంక పొయ్యడానికి దారుండదు. తీసిన ఆయిల్ పూర్తిగా చల్లారనిచ్చి (వేడి మీద ఉబ్బి ఎక్కువ చూపిస్తది), లీటరు నీళ్ళ సీసాల్లో నింపి, మార్కర్‌తో గీత గీసిన. మూడున్నర సీసాలు వచ్చింది. కొత్తది అదే గీతల దాకా కొలిచి పోసిన. కారు కంపెనీ చెప్పిన రకమే కొనండి. సీవీటీకి (గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం ఆటోమేటిక్) వేరే ఆయిల్. బండి కింద ఆయిల్ మరకలు కనబడుతుంటే మాత్రం ఈ కొలత నమ్మొద్దు, ముందే తగ్గి ఉంటది. అప్పుడు మెకానిక్‌తో లెవెల్ చూపించాల్సిందే.