థ్రెడ్లు నడుస్తున్న సర్వీసులో ఫోర్క్ చేసే ముందు జాగ్రత్తలు

ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీయడం, ఆ నకలే చైల్డ్. లినక్స్‌లో ఫోర్క్ చేస్తే చైల్డ్‌లోకి వచ్చేది దాన్ని పిలిచిన థ్రెడ్ (ప్రాసెస్ లోపల సమాంతరంగా నడిచే పని) ఒక్కటే. మెమరీ మాత్రం లాకులతో సహా మొత్తం వస్తుంది. ఆ క్షణంలో వేరే థ్రెడ్ ఏదైనా మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క థ్రెడ్‌కే దొరికే లాక్) పట్టుకుని ఉంటే, చైల్డ్‌లో దాన్ని వదిలేవాళ్లు ఉండరు. ఆ లాక్ అడిగిన చోటే చైల్డ్ ఆగిపోతుంది. సీపీయూ సున్నా, లాగ్‌లో ఎర్రరే ఉండదు. టెస్టుల్లో దొరకదు, లోడ్ పెరిగాకే బయటపడుతుంది. అందుకే ఇవి ముందే చూసుకోండి.

• ప్రాసెస్ స్టేటస్ ఫైల్లో థ్రెడ్ల సంఖ్య 1 ఉందా? మీరు ఒక్కటీ మొదలుపెట్టకపోయినా ఓపెన్‌బ్లాస్ (గణిత లెక్కలకు), జీఆర్‌పీసీ (రిమోట్ కాల్స్‌కు) లాంటి లైబ్రరీలు మొదలుపెట్టి ఉండొచ్చు.

• ముందు ఫోర్కులు, ఆ తర్వాతే థ్రెడ్లు. డీమన్‌గా (నేపథ్యంలో నడిచే ప్రాసెస్‌గా) మారడమూ ఫోర్క్‌తోనే, కాబట్టి అంతకుముందే మొదలుపెట్టిన థ్రెడ్లు చైల్డ్‌లో ఉండవు. లినక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద నడిపితే అసలు డీమన్‌గా మారే పనే లేదు.

• వేరే ప్రోగ్రామ్ నడపడానికే అయితే పోసిక్స్ స్పాన్ (posix_spawn) వాడండి. ఫోర్క్ తప్పదంటే, ఎగ్జెక్ (చైల్డ్‌లో కొత్త ప్రోగ్రామ్‌ను ఎక్కించడం) అయ్యేదాకా మాలక్ (మెమరీ అడిగే ఫంక్షన్), ప్రింట్ఎఫ్, లాగింగ్ ముట్టుకోకండి. ఫోర్క్‌కు ముందూ తర్వాతా నడిచే యాట్‌ఫోర్క్ హ్యాండ్లర్లను నమ్ముకోవద్దు, ఇతర లైబ్రరీల లోపలి లాకులు వాటికి అందవు.

• ఎగ్జెక్ కాగానే ఫైల్‌ను మూసేసే క్లోజ్ ఆన్ ఎగ్జెక్ ఫ్లాగ్‌ను ఫైల్ తెరిచేటప్పుడే ఇవ్వండి. తర్వాత పెడదామనుకుంటే, ఈలోపు ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసేయొచ్చు.

• డేటాబేస్ కనెక్షన్ చైల్డ్‌లో కొత్తగా తెరవాలి. ఒకే సాకెట్‌ను పేరెంట్, చైల్డ్ రెండూ వాడితే ఒకదాని జవాబు ఇంకొకదానికి వెళ్తుంది.

• పైథాన్ 3.12 నుంచి థ్రెడ్లు, ఫోర్క్ కలయికపై హెచ్చరిక వస్తుంది, దాన్ని కనిపించకుండా ఆపేయకండి. 3.14లో లినక్స్‌పై మల్టీప్రాసెసింగ్ డిఫాల్ట్ ఫోర్క్‌సర్వర్‌కు (విడి సర్వర్ ప్రాసెస్ నుంచి చైల్డ్‌లను ఫోర్క్ చేసే పద్ధతికి) మారింది. పాత వెర్షన్లలో, కొత్త పైథాన్ ప్రాసెస్‌ను మొదలుపెట్టే స్పాన్ పద్ధతిని మీరే ఎంచుకోవాలి.