డెక్కన్ డెర్బీకి మొదటిసారి వెళ్లే గోదావరి జిల్లాల వారికి

గోదావరి డెల్టా నుంచి బయలుదేరి ఒక పెద్ద గుర్రప్పందాల రోజును మొదటిసారి చూడాలనుకునే వారికి అన్ని విధాలా అనువైన చోటు హైదరాబాదులోని మలక్‌పేట రేసుకోర్సు. హైదరాబాదులో 1868లో మౌలాలీ వద్ద మొదలైన రేసులను మీర్ మహబూబ్ అలీఖాన్ నిజాంగా ఉన్న కాలంలో, 1886లో, మలక్‌పేటకు మార్చారు. అక్కడ వానాకాలపు సీజన్‌లో జరిగే డెక్కన్ డెర్బీ అనే పెద్ద పందేన్ని సాధారణంగా అక్టోబరు 2న నిర్వహిస్తారు. బొంబాయి మహాలక్ష్మి రేసుకోర్సులో 1943 నుంచి నడుస్తున్న ఇండియన్ డెర్బీకి పేరు ఇంకా పెద్దదే అయినా, ఒక్క రాత్రి ప్రయాణంతో చేరుకుని, టికెట్ కిటికీ దగ్గరి గుమస్తాతో తెలుగులోనే మాట్లాడి, మర్నాటి ఉదయానికి ఇంటికి తిరిగి రాగలిగే అవకాశం మలక్‌పేటలోనే ఉంది.

డెక్కన్ డెర్బీ దూరం 2000 మీటర్లు. ఆ పందెం రెండు నిమిషాలకు కాస్త పైచిలుకులో ముగిసిపోతుంది. ఆ రోజు జరిగే మిగిలిన పందాలన్నీ కలిపినా గుర్రాలు పరుగెత్తే సమయం పావుగంట దాటడం అరుదు. మనం అక్కడ గడిపేది మాత్రం నాలుగైదు గంటలు. పరుగుకూ పరుగుకూ మధ్య ఉండే అరగంటలో ఏమి చూడాలో తెలియని వారు పందెం కిటికీల చుట్టూ తిరిగి, చేతిలో ఉన్నది ఖర్చు చేసుకుని, గుర్రాన్ని దగ్గరగా చూడకుండానే ఇంటికి వస్తారు. అందువల్ల మొదటిసారి వెళ్లేవారు తమ రోజును ప్యాడక్ (పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపే ఆవరణ) చుట్టూ అమర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ప్రయాణం సంగతి చూద్దాం. అక్టోబరు 2 కొన్ని ఏళ్లు దసరా రోజుల్లోనో వాటి చుట్టుపక్కలో పడుతుంది, అప్పుడు బండ్లన్నీ నిండి ఉంటాయి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతుంది గనుక ఆగస్టు మొదటి రోజుల్లోనే రానూ పోనూ టికెట్లు రెండూ తీసుకోవాలి. అంతకు ముందే ఆ ఏటి రేసుల తేదీల పట్టికను రేసులు నడిపే క్లబ్బు ప్రకటనలో సరిచూసుకోవడం తప్పనిసరి. కాకినాడ, రాజమహేంద్రవరం, తాడేపల్లిగూడెం వైపు వారికి గౌతమి ఎక్స్‌ప్రెస్, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు వారికి నరసాపురం నుంచి బయలుదేరే రాత్రి బండ్లు ఉన్నాయి. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు కాబట్టి కోనసీమ వారు రాజమహేంద్రవరం చేరి రైలెక్కడమో, రావులపాలెం మీదుగా పోయే బస్సు పట్టుకోవడమో చేయాలి. విజయవాడ మార్గంలో వెళ్లే బస్సు దిగవలసిన చోటు ఎల్బీ నగర్. అక్కడ మెట్రో ఎక్కితే నేరుగా మలక్‌పేట స్టేషన్‌లో దిగవచ్చు. రైల్లో వచ్చినవారు సికింద్రాబాదు వెస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో బండి మారితే, ఆ తరువాతి స్టేషనే మలక్‌పేట.

గాంధీ జయంతి నాడు బ్యాంకులు తెరవరు, మద్యం దుకాణాలూ ఉండవు. నగదు ముందు రోజే తీసి దగ్గర ఉంచుకోవాలి. వానాకాలపు రేసులు గనుక గొడుగు తీసుకెళ్లవచ్చు, కానీ దాన్ని గుర్రాల దగ్గర తెరవకూడదు. టపామని తెరుచుకునే గొడుగుకూ, కెమెరా ఫ్లాష్‌కూ గుర్రం బెదురుతుంది. సభ్యుల స్టాండులోకి ఎవరైనా తీసుకెళ్తే కాలరున్న చొక్కా, బూట్లు ఉండాలి. మామూలు స్టాండుకు శుభ్రమైన బట్టలు, ఎక్కువసేపు నిలబడగలిగే చెప్పులు చాలు. మొబైల్ ఫోన్ల మీద రేసుకోర్సుల్లో ఆంక్షలుండడం మామూలే కాబట్టి తోటివారితో కలిసే చోటు, వేళ లోపలికి వెళ్లకముందే అనుకోవాలి. పందేలు కాసే ఆవరణ పద్దెనిమిదేళ్లు నిండని వారికి తగిన చోటు కాదు గనుక పిల్లలను వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే గేటు నియమాలను ముందే అడిగి తెలుసుకోవాలి.

లోపలికి వెళ్లగానే కొనవలసింది రేసు పుస్తకం. అందులో ఒక్కొక్క గుర్రానికి ఎదురుగా దాని వయసు, రంగు, తల్లిదండ్రుల పేర్లు, యజమాని, ట్రైనర్, జాకీ (గుర్రమెక్కి పరుగెత్తించేవాడు), మోయవలసిన బరువు, పరుగు మొదలయ్యే గేటులో నిలిచే స్థానం, గత పందాల్లో దక్కిన స్థానాలు వరుసగా ఉంటాయి. మొదటిసారి ఇవన్నీ అర్థం కావాలని పట్టుబట్టనక్కర లేదు. మూడు సంగతులు చూస్తే సరిపోతుంది: ఈ గుర్రం ఇంత దూరం ఇంతకు ముందు పరుగెత్తిందా, చివరి రెండు మూడు పందాల్లో ఎక్కడ నిలిచింది, దాని మీద బరువెంత. బరువు సంగతి కొత్తవారికి వింతగా తోస్తుంది. హ్యాండిక్యాప్ పందాల్లో మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు కడతారు, అందువల్ల బలహీనమైన దానికీ గెలిచే వీలుంటుంది. డెర్బీలో అలాంటి సర్దుబాటు ఉండదు. ఏది మేలైన గుర్రమో తేల్చడమే ఆ పందెం ఉద్దేశం. గుర్రం ఏ నెలలో పుట్టినా జనవరి 1 నాడే దానికి ఒక ఏడాది వయసు పెరిగినట్టు లెక్క కడతారనే విషయం గుర్తుంటే పుస్తకంలోని వయసులు తికమక పెట్టవు.

ఇక ప్యాడక్. ప్రతి పందేనికి ముందు గుర్రాలను ఇక్కడికి తెచ్చి గుండ్రంగా నడిపిస్తారు, తరువాత జాకీలు వచ్చి ఎక్కుతారు. పశువుల సంతలో ఎద్దును కొనేముందు నాలుగడుగులు నడిపించి చూసే రైతు కన్ను మన దగ్గర ఇంకా చాలామందికి ఉంది, ఆ కన్నే ఇక్కడ పనికి వస్తుంది. వెనుక కాలు ముందు కాలి జాడను దాటి పడుతున్నదా, నడక సాగుతూ తేలికగా ఉన్నదా, తుంటి కండ నిండుగా ఉన్నదా, వెంట్రుక నిగనిగలాడుతున్నదా అని చూడాలి. చెవులు ముందుకు నిక్కబొడుచుకుని చుట్టూ గమనించే గుర్రం వేరు, మెడ మీదా తొడల మధ్యా నురగ వచ్చేంతగా చెమట పట్టి, నడిపించేవాణ్ణి లాక్కుపోయే గుర్రం వేరు. రెండోది పరుగుకు ముందే సగం శక్తి పోగొట్టుకుంటున్నది. మేలిజాతి గుర్రాన్ని ఇంత దగ్గరగా, ఇంత తీరికగా చూసే అవకాశం మన ప్రాంతంలో మరెక్కడా దొరకదు. కాబట్టి రోజు మొత్తంలో ఒకటి రెండు పందాలను పరుగు చూడకుండా వదిలేసినా ఫరవాలేదు గానీ డెర్బీ గుర్రాల ప్యాడక్‌ను వదులుకోకూడదు. దాని ముందు పందెం ముగియగానే కంచె దగ్గర చోటు పట్టుకోవాలి, లేకుంటే భుజాల మీదుగా చూడవలసి వస్తుంది.

పందెం కాయడం తప్పనిసరి కాదు. గుర్రప్పందాలు అదృష్టం మీద గాక నైపుణ్యం మీద ఆధారపడినవని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. చట్టం ఒప్పుకునేది కూడా నియమాల ప్రకారం క్లబ్బు ఆవరణలో కాసే పందేలనే. సంక్రాంతి బరుల దగ్గర నోటి మాట మీద చేతులు మారే డబ్బుకు అలవాటు పడిన మనవాళ్లకు ఈ తేడా గట్టిగా చెప్పవలసి ఉంది. టోట్ (అందరి పందేలూ ఒకే మొత్తంలో చేర్చే పద్ధతి) కిటికీ దగ్గరైనా, తానే ధర చెప్పి పందేలు తీసుకునే లైసెన్సు ఉన్న బుక్‌మేకర్ దగ్గరైనా టికెట్ చేతికి వచ్చాకే డబ్బు ఇచ్చినట్టు లెక్క. పక్కన చేరి "కచ్చితమైన గుర్రం" చెబుతానని, ఫోనులో పందెం కట్టిస్తానని అనేవారి మాట వినకూడదు.

టోట్‌లో అందరి డబ్బూ ఒక చోట చేరి, కోతలు పోగా మిగిలింది గెలిచినవారికి పంచుతారు కాబట్టి ఎంత వస్తుందో పందెం ముగిశాకే తేలుతుంది. బుక్‌మేకర్ దగ్గర మాత్రం కాసిన వేళ ఉన్న ధరే (గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందనే లెక్క) నిలుస్తుంది. కొత్తవారికి విన్ (గుర్రం మొదట రావాలి), ప్లేస్ (మొదటి కొద్ది స్థానాల్లో ఒకటి దక్కాలి) చాలు. మొదటి మూడు గుర్రాలను వరుస తప్పకుండా చెప్పవలసిన తనాలా, అనేక పందాల విజేతలను ముందే ఎంచవలసిన జాక్‌పాట్ జోలికి మొదటిరోజే పోవద్దు. పన్నుల లెక్క కూడా తెలిసి ఉండాలి: పందెం మొత్తం మీదే ఇంతకు ముందు 28 శాతం జీఎస్టీ పడుతుండగా 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది; పెద్ద మొత్తం గెలిస్తే 30 శాతం ఆదాయపు పన్నును అక్కడే మినహాయిస్తారు; ఓడిన సొమ్మును గెలుపులోంచి తీసివేసి పన్ను లెక్క చూపడానికి వీలుండదు. ఇన్ని కోతల తరువాత కూడా రేసుల్లో సంపాదిస్తాననుకునేవారికి ఈ ప్రయాణం వద్దని చెబుతాను.

ముఖ్యంగా అక్టోబరు మన ఊళ్లలో చేతిలో డబ్బు ఆడని నెల. సార్వా వరి పొట్ట మీదో ఈనిక మీదో ఉంటుంది, ఎరువులకూ కూలికీ తెచ్చిన అప్పు ఉంటుంది, కోత డబ్బు రావడానికి ఇంకా వారాలు పడుతుంది. పోయినా ఇంట్లో ఎవరికీ తెలియవలసిన అవసరం రానంత చిన్న మొత్తాన్ని ప్రయాణ ఖర్చుతో పాటే వేరుగా కవరులో పెట్టుకుని, అది అయిపోతే మిగిలిన పందాలు చూస్తూ కూర్చోవాలి.

పందెం ముగియగానే ఫలితం ఖాయమైపోదు. జాకీలు మళ్లీ బరువు తూగాలి, ఎవరైనా అభ్యంతరం చెబితే విచారణ జరగాలి, స్థానాలు తారుమారు కావచ్చు. అధికారికంగా ప్రకటించేదాకా ఓడిందనుకున్న టికెట్టును కూడా చింపకుండా జేబులో ఉంచుకోవాలి.

డెర్బీ తరువాత ఒక్కసారిగా జనం గేట్ల వైపు కదులుతారు. సికింద్రాబాదులో రాత్రి బండి ఎక్కవలసిన వారు ఆటో కోసం రోడ్డు మీద నిలబడకుండా, వచ్చిన దారినే మెట్రోలో వెళ్లాలి. బస్సువారు కూడా ఎల్బీ నగర్‌కు మెట్రోలోనే వెళ్లి, టికెట్ తీసుకునేటప్పుడే ఎక్కే చోటు అదేనని రాయించుకుంటే ఊరి మధ్య ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా బండి అందుకుంటారు.