కుళాయి మీద సున్నపు పొర: నాకు పనిచేసిన పద్ధతి

అనంతపురంలో బోరు నీళ్లు వాడే ఇళ్లలో తరచూ వినిపించే గోడు ఇదే: కుళాయిల మీద గట్టిపడిన తెల్లని పొర. మా వంటింట్లో ధార కూడా సన్నబడింది. సబ్బుపొడి, వంటసోడా, కొబ్బరిపీచు ఏవీ దాన్ని కదిలించలేదు.

పనిచేసింది నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పొడి). గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కరిగించాను. ముందు కుళాయి కింద గిన్నె పెట్టాను. మా గట్టు కడప బండ, అదీ సున్నపురాయే కాబట్టి పుల్లని నీళ్లు పడితే నునుపు పోతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరెందుకో! పాత నూలుగుడ్డను ఆ నీళ్లలో తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలేశాను. మూతి దగ్గరి జల్లెడను మర విప్పి అదే గ్లాసులో వేస్తే బుడగలు లేచాయి, అంటే ఆ పొరలోని కాల్షియం కార్బనేటు కరుగుతున్నట్టు. తర్వాత పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్ది, బాగా కడిగి, పొడిగుడ్డతో తుడిచాను. తడి అలాగే ఆరనిస్తే పొర మళ్లీ కడుతుంది.

అన్ని కుళాయిలకూ ఇది కుదురుతుందని చెప్పలేను. మా స్నానాల గదిలో క్రోమియం పూత లేచిపోయిన చోట మచ్చ అలాగే ఉంది. బ్లీచింగ్ పొడితో మాత్రం నిమ్మ ఉప్పును కలపకండి, క్లోరిన్ వాయువు వెలువడుతుంది.